గొట్టం రాలిపోయిన తర్వాత



ఒక చిన్న పని చేయండి. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నా మాటలు వినండి. గొంతు వినిపిస్తూనే ఉంటుంది. అయితే నేను 'పాలు' అన్నానో 'కాలు' అన్నానో తేల్చుకోవడానికి తంటాలు పడాలి. కాసేపటికి విసుగొచ్చి వినడమే మానేస్తారు. సరే, ఇక తీసేయండి. మీరు తీసేశారు. మధ్య చెవిలో నీరు నిలిచిన పిల్లవాడు తీసేయలేడు. వాడు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అలాగే వింటుంటాడు.

వానికి చెవిపోటు ఉండదు, జ్వరం ఉండదు, చీము కారదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో ఉలకడు పలకడు అంటారు, బడిలో ధ్యాస లేదు అంటారు. కోసిగి దిక్కు నుంచి ఒక తల్లి ఆరేళ్ల కొడుకును నా ఓపీకి తీసుకొచ్చింది. "పిలిస్తే పలకడు సార్. టీవీకి అంటుకొని కూర్చుంటాడు. చెప్పింది ఇనడని బడిలో సారు మొట్టికాయలు ఏస్తాండాడంట" అంది. "చెవిలో ఏమన్నా పోస్తున్నారా అమ్మా?" అని అడిగాను. "తలకు పోసినపుడల్లా మా యత్త కాచిన నూనె రెండు చుక్కలు ఏస్తాది సార్" అంది. చెవిలోకి దీపం వేసి చూస్తే, ముత్యపు రంగులో మెరవాల్సిన కర్ణభేరి మసకబారి, పసుపు పచ్చగా, లోపలికి గుంజుకుపోయి ఉంది. కర్ణభేరి కదలికను కొలిచే టింపనోగ్రామ్ తీస్తే గీత కొండలా లేవకుండా చదునుగా వచ్చింది. వెనకాల నీరు ఉన్నదని అర్థం. అత్తమ్మ నూనెకూ ఆ నీటికీ సంబంధం లేదు. నూనె కర్ణభేరికి ఇవతల, నీరు అవతల.

కర్ణభేరికి అవతల ఒక చిన్న గది ఉంది. అందులో గాలి ఉంటేనే కర్ణభేరి కదులుతుంది. ఆ గాలి ముక్కు వెనక నుంచి యూస్టేషియన్ నాళం ద్వారా వస్తుంది. మనం గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు ఆ నాళం తెరుచుకుంటుంది. పెద్దవాళ్లలో అది పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దానికి తోడు ముక్కు వెనకాల అడినాయిడ్ అనే మెత్తటి కణజాలం ఉబ్బి ఉంటుంది. జలుబు చేస్తే దారి మూసుకుంటుంది, గదిలో గాలి ఇంకిపోతుంది, గోడల్లోంచి నీరు ఊరుతుంది. పాతబడే కొద్దీ అది బంకగా తయారవుతుంది. పొయ్యి పొగ, నాయన తాగే బీడీ పొగ, పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి సీసా పాలు పట్టడం, ఇవన్నీ దానికి తోడవుతాయి. బడి వయసు వచ్చేలోపు పదిమంది పిల్లల్లో తొమ్మిది మంది దాకా ఒక్కసారైనా ఈ దశ దాటి వస్తారని అంచనా. ఎక్కువమందికి మూడు నెలల్లో దానంతటదే ఆరిపోతుంది. మందుతో పని లేదు. యాంటీబయాటిక్ సిరప్పులు, జలుబు మందులు ఈ నీటిని ఆర్పలేవని ఎన్నోసార్లు తేలింది. అయినా ఊరి ఆర్‌ఎంపీ నుంచి పట్నం డాక్టరు దాకా అవి రాస్తూనే ఉన్నారు. చేతిలో చీటీ లేకుండా పంపిస్తే డాక్టరుకు ఏమీ తెలియదనుకుంటారేమో అన్న భయం మా వాళ్లకూ ఉంది.

ఆరిపోని పిల్లలకు వేసేదే గ్రోమెట్. చెవిలో గొట్టం అంటారు, పైపు అంటారు. గొట్టం అనగానే పొడుగ్గా ఊహించుకోకండి. ప్లాస్టిక్‌తోనో సిలికాన్‌తోనో చేసిన ఈ వస్తువు పొడవు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. నడుము సన్నగా ఉండి, కర్ణభేరికి రెండు వైపులా పట్టుకోవడానికి అంచులు ఉంటాయి. నడుమ బెజ్జం ఒక మిల్లీమీటరు పైచిలుకు. పిల్లవాడికి మత్తు ఇచ్చి, మైక్రోస్కోపు కింద కర్ణభేరికి సన్నని కోత పెట్టి, నీటిని పీల్చేసి, దాన్ని అమరుస్తారు. పది పదిహేను నిమిషాల పని. చాలామంది సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. నీళ్లు కారిపోవడానికి పెట్టిన పైపు అనుకుంటారు చాలామంది. నిజానికి గాలి లోపలికి పోవడానికి పెట్టింది అది. నూనె డబ్బాకు ఒకే బెజ్జం పొడిస్తే నూనె గుటక్ గుటక్ మంటుంది తప్ప సరిగా రాదు. రెండో పక్క ఇంకో బెజ్జం పొడిస్తే ధార కడుతుంది. గ్రోమెట్ ఆ రెండో బెజ్జం.

కర్ణభేరికి కోత పెట్టి వినికిడి తెప్పించవచ్చని 1801 ప్రాంతంలోనే లండన్‌లో యాస్ట్లీ కూపర్ అనే సర్జన్ చూపించాడు. చిక్కేమిటంటే ఆ కోత కొన్ని రోజుల్లోనే పూడిపోతుంది. దాన్ని పూడకుండా నిలిపే ప్లాస్టిక్ గొట్టాన్ని 1954లో అమెరికాలో షార్లెట్ నగర వైద్యుడు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాడుకలోకి తెచ్చాడు. 2006 లెక్క ప్రకారం ఆ దేశంలో పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఏటా 6 లక్షల 67 వేల మందికి ఈ గొట్టాలు వేశారు. అక్కడ అది అంత మామూలు అయినా, డాలస్‌లో ఉన్న మనవనికి గొట్టాలు వేశారని ఫోను వస్తే ప్రొద్దుటూరులో జేజికి నిద్ర పట్టదు. "పిలగాని చెవుల్లో ఏందో పైపులు ఏసినారంట నాయనా, ఆ పైన ఇనపడతాదా?" అని అడుగుతుంది. జేజి అడిగిన ప్రశ్నే నేటి నా ప్రసంగం. ఆ పైన ఏమవుతుంది? ఐదేళ్లకు, పదేళ్లకు ఆ చెవి ఎలా ఉంటుంది?

ముందు గొట్టం సంగతి. కర్ణభేరి చర్మం ఉన్నచోట ఉండదు. నడుమ నుంచి అంచుల వైపు నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. చెవి తనను తాను శుభ్రం చేసుకునే పద్ధతి అది. ఆ నడకే గొట్టాన్నీ నెట్టుకుంటూ పోతుంది. ఆరు నెలలకో, ఏడాదికో, మహా అయితే ఏడాదిన్నరకో అది ఊడి, గులిమిలో కలిసి బయటికి వస్తుంది. దిండు మీద పడినా ఎవరి కంటా పడదు. చాలామందిలో బెజ్జం దానంతటదే పూడిపోతుంది. ఈ గొట్టాన్ని తీయడానికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం అరుదు.

వినికిడికి వద్దాం. అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెప్పేది ఇది. గొట్టం వేసిన మొదటి మూడు నెలల్లో, వేయని పిల్లలకంటే దాదాపు 12 డెసిబెల్స్ మెరుగ్గా వినిపిస్తుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల నాటికి ఆ తేడా 4 డెసిబెల్స్‌కు దిగిపోతుంది. ఏడాది దాటాక ఇద్దరి మధ్య తేడా కనబడదు. గొట్టం చెడిపోయి కాదు, గొట్టం వేయని వాని చెవి కూడా ఈలోగా ఆరిపోయి ఉంటుంది కాబట్టి. అంటే గ్రోమెట్ జీవితకాలపు వినికిడిని ఇవ్వదు. ఎదిగే వయసులో ఒక ఏడాది వినికిడిని కాపాడి ఇస్తుంది. కొందరు పిల్లలకు గొట్టం పడిపోయాక మళ్లీ నీరు చేరుతుంది, రెండోసారి వేయాల్సి వస్తుంది. నాలుగేళ్లు దాటిన పిల్లల్లో అడినాయిడ్ కూడా తీసేస్తే ఆ అవసరం తగ్గుతుంది.

ఇక కర్ణభేరి మీద మిగిలే గుర్తులు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2001లో అమెరికా వైద్యులు కలిపి లెక్క తీశారు. గొట్టం వేసిన చెవుల్లో నూటికి 32 చెవుల మీద తెల్లటి సుద్ద మచ్చలు మిగిలాయి. చూడ్డానికి భయంగా ఉంటాయి కానీ వినికిడికి పెద్దగా అడ్డం రావు. నూటికి 25 చెవుల్లో గొట్టం ఉన్నచోట కర్ణభేరి పలచబడింది. గొట్టం రాలిపోయాక బెజ్జం పూడకుండా ఉండిపోవడం మామూలు గ్రోమెట్‌కు నూటికి 2 పైచిలుకు. ఎక్కువకాలం నిలవాలని వేసే టి ఆకారపు గొట్టాలకు మాత్రం అది 16 దాటింది. అందుకే 'ఎక్కువ రోజులు ఉండేది వేయండి సార్, మళ్లీ మళ్లీ రాలేం' అని అడిగే తల్లిదండ్రులకు ఈ అంకె చెప్పక తప్పదు. ఆ అడగడంలో వాళ్ల తప్పు లేదు. ఆళ్లగడ్డ నుంచి కర్నూలుకు వచ్చి పోవడమంటే ఒక రోజు కూలి పోతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న చదువు, మాట. నీరు నిలిచిన చెవితో పెరిగితే పిల్లవాడు వెనకబడతాడా? గొట్టం వేస్తే ముందుకు వస్తాడా? దీని మీద అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ అనే పిల్లల వైద్యుడు చేసిన పరిశోధన ప్రసిద్ధం. ఆయన బృందం 6,350 మంది పసికందులను పుట్టిన రెండు నెలల్లోపే చేర్చుకుని, చెవులు చూస్తూ వచ్చింది. అందులో నీరు ఎంతకూ ఆరని 429 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే గొట్టాలు వేశారు. ఇంకో గుంపును తొమ్మిది నెలల దాకా ఆపి, అప్పటికీ ఆరకపోతేనే వేశారు. ఆ పిల్లల మాట, తెలివి, చదువు, ప్రవర్తన మూడేళ్లకు, నాలుగేళ్లకు, ఆరేళ్లకు, చివరికి తొమ్మిది పదకొండేళ్ల మధ్య పరీక్షించారు. ఎక్కడా తేడా రాలేదు. చివరి ఫలితం 2007లో అచ్చయింది. వెంటనే వేసినా, ఆగి వేసినా, పదేళ్ల వయసుకు పిల్లలు ఒకేలా ఉన్నారు.

దానికి ఎదురుగా న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణం లెక్క ఒకటి ఉంది. 1972-73లో అక్కడ పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లలను పెద్దయ్యేదాకా వెంబడించారు. చిన్నప్పుడు చెవిలో నీరు ఎక్కువగా నిలిచిన పిల్లలు టీనేజీకి వచ్చాక కూడా చదవడంలో, నిలకడగా దృష్టి పెట్టడంలో కాస్త వెనకబడే ఉన్నారని 2001లో తేల్చారు. తేడా చిన్నదే కానీ అది ఉంది.

పిట్స్‌బర్గ్ ఫలితాన్ని పట్టుకుని గొట్టాలు దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. తొందరపడి వేయనక్కర్లేదు అన్నంతవరకు ఒప్పుకుంటాను. మూడు నెలలు ఆగి చూడమని ఇవాళ చాలా దేశాల వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాలుగేళ్లు దాటిన పిల్లలైతే ఈలోగా ముక్కుతో బుడగ ఊదించే పద్ధతి కూడా కొందరికి పనిచేస్తుంది. కానీ పిట్స్‌బర్గ్‌లో ఆగిన పిల్లల చెవుల్లోకి డాక్టరు నెలనెలా చూస్తూ ఆగాడు. ఆరకపోతే ఫలానా నెలకు వేయాలని ముందే రాసుకున్నాడు. పైగా వాళ్లు వేరే ఏ లోపమూ లేని పిల్లలు. మన దగ్గర ఆగుదాం అంటే ఏం జరుగుతుంది? మూడు నెలలకు రమ్మన్న తల్లి మూడేళ్లకు వస్తుంది. అప్పటికి కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి గుంత పడి ఉండవచ్చు. ఆ గుంతలో చర్మపు పొరలు పేరుకుంటే కొలెస్టియటోమా అవుతుంది. అది చుట్టూ ఉన్న ఎముకను తింటుంది. చెవిలో చీము పట్టి నిలిచిపోయే జబ్బు జనాభాలో నూటికి నలుగురిని మించి ఉన్న దేశాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో మన దేశం పేరు రాసింది. ఇక్కడి ఓపీలో కూర్చున్నవాడికి ఆ మాట వింత అనిపించదు. కాబట్టి మన పిల్లల దీర్ఘకాల ఫలితం గొట్టం నాణ్యత మీద కంటే తర్వాత ఎన్నిసార్లు చెవి చూపించుకున్నారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నా అనుభవంలో గట్టిగా నమ్మింది ఇదొక్కటే.

ఆ చూపించుకోవడమే మా దిక్కున కష్టం. ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం పక్క ఊళ్ల నుంచి మిరప, పత్తి కోతలకు ఇల్లిల్లూ గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతుంది. ముసలివాళ్లు ఇంటి దగ్గర, పిల్లలు తల్లిదండ్రుల వెంట. చలికాలంలో జలుబు ఎక్కువ, చెవి నీరు ఎక్కువ. అప్పుడే గొట్టం వేస్తాం. నెలకు రమ్మంటే, ఆ నెలకు వాళ్లు పల్నాడులో ఏ చేను గట్టు మీదో డేరాలో ఉంటారు. అక్కడ చెవి కారడం మొదలైతే దగ్గర్లోని మందుల షాపులో ఏది ఇస్తే అది. గొట్టం ఉన్న చెవి కారడం అరుదేమీ కాదు. నూటికి పాతిక మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. దానికి మందు మింగించడం కంటే చెవిలో వేసే చుక్కలే మేలు. నెదర్లాండ్స్‌లో 230 మంది పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, రెండు వారాల తర్వాత చెవి ఇంకా కారుతున్నవాళ్లు చుక్కలు వేసినవాళ్లలో నూటికి 5 మంది, మందు మింగినవాళ్లలో 44 మంది, ఏమీ చేయనివాళ్లలో 55 మంది. అయితే ఏ చుక్కలు అన్నది ముఖ్యం. గొట్టం ఉన్న చెవిలో జెంటామైసిన్, నియోమైసిన్ రకం చుక్కలు లోపలికి దిగి వినికిడి నరానికే చేటు చేయవచ్చు. సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ రకాలు ఆ భయం లేనివి. షాపతను ఇచ్చింది కాక డాక్టరు చీటీలో ఉన్నదే వేయండి.

నీళ్ల సంగతి అందరూ అడుగుతారు. తల మీద మామూలు నీళ్లు పోసుకుంటే ఏమీ కాదు. ఒక మిల్లీమీటరు బెజ్జంలోకి నీటి చుక్క అంత సులువుగా దూరదు. సబ్బు నీరు, కుంకుడు రసం మాత్రం దూరుతాయి, వాటికి జారుడు గుణం ఎక్కువ. తలంటు రోజున దూదికి వాజలీను రాసి చెవి మూస్తే చాలు. కేసీ కాలువకు నీళ్లు వదిలినప్పుడు పిల్లలు గట్టు మీది నుంచి దూకుతారు, బావుల్లో మునుగుతారు. మురికి నీరు, లోతు మునక, ఆ రెండూ గొట్టం ఉన్నన్నాళ్లు వద్దు. ఇక అత్తమ్మ నూనె. మామూలు చెవిలో అది కర్ణభేరి దగ్గరే ఆగుతుంది. గొట్టం ఉన్న చెవిలో నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. నూనె, వెల్లుల్లి కాచిన నూనె, తల్లిపాలు, ఉల్లి రసం, ఏదీ వద్దు. పెద్దావిడ మీద కోపం వద్దు కానీ ఈ ఒక్క విషయంలో ఆమె మాట వినకండి.

బడి సార్లకు కూడా ఒక మాట. పిల్లవాని చెంప మీద, చెవి మీద కొట్టకండి. పలచబడిన కర్ణభేరి ఆ దెబ్బకు చిరగవచ్చు. చెప్పింది వినని పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టి, వాని మొహం చూస్తూ పాఠం చెప్పి చూడండి. అప్పటికీ తేడా ఉంటే తల్లిదండ్రులకు కబురు పెట్టండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్బీఎస్కే) బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తున్నాయి. వాళ్లు చూడాల్సినవాటిలో వినికిడి లోపం కూడా ఉంది. మీకు అనుమానం ఉన్న పిల్లవాని పేరు వాళ్లకు ముందే చెప్పండి.

కొందరు పిల్లల విషయంలో ఆగుదాం అన్న మాట అంత సులువుగా అనకూడదు. అంగిలి చీలికతో పుట్టినవాళ్లకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఈ నీరు దాదాపు తప్పదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. వాళ్ల చెవులను మొదటి ఏడాది నుంచే చూపిస్తూ ఉండాలి. ఇంకో సంగతి. పుట్టుకతో నరం పనిచేయని చెవుడుకు గొట్టంతో పని లేదు. మేనరికాలు ఎక్కువున్న మన సీమలో ఆ రకం కూడా తక్కువేమీ కాదు. ఏడాది నిండినా 'అమ్మ', 'అత్త' అనని బిడ్డను నత్తి అనో, మగపిల్లలకు మాట ఆలస్యం అనో సరిపెట్టుకోకండి. ఆ బిడ్డకు కావలసింది బేరా అనే వినికిడి పరీక్ష, ఆ తర్వాత వినికిడి మిషనో, కాక్లియర్ ఇంప్లాంటో. అక్కడ ఆగితే పోయిన కాలం తిరిగి రాదు.

గొట్టం వేయించుకున్న పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇంతే. వేసిన నెలకు ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి, గొట్టం రాలిపోయాక ఏడాది పాటు కనీసం రెండుసార్లు చెవి చూపించండి. ఆఖరుసారి వినికిడి పరీక్ష చేయించి, ఆ కాగితం దాచుకోండి. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో చెవి ముక్కు గొంతు విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, మీ బిడ్డ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో అక్కడే అడగండి. సుగ్గికి పోయేవాళ్లు పోయేముందు ఒకసారి చూపించుకుని, ఏ చెవిలో ఏ గొట్టం ఏ తారీఖున వేశారో రాసిన చీటీ వెంట పెట్టుకోండి. గుంటూరు పెద్దాసుపత్రిలోనూ చెవి విభాగం ఉంది. ఆ చీటీ చూపిస్తే అక్కడి డాక్టరు మొదటి నుంచి మొదలు పెట్టాల్సిన పని ఉండదు.